అల్లుడుగారు గెలిచిన ఒక్క రౌండు

మాణిక్యాలరావుగారి బార్లో ఏలీయా పదిహేడేళ్ళుగా సప్లయరు. ఈ పదిహేడేళ్ళలో అయ్యగారు అతని చేత చేయించని పని లేదు. తాగి పడిపోయినవాళ్ళని ఊరూ పేరూ కనుక్కుని మరీ రిక్షా ఎక్కించాడు. వంటవాడు ఎగ్గొట్టిన రోజున చేపలు వేయించాడు. వానలకి బార్లోకి నీళ్ళొచ్చినప్పుడు సీసాల పెట్టెలు నెత్తిన పెట్టుకుని మేడమీదకి మోశాడు. దేనికీ ఎదురు చెప్పలేదు. కానీ రెండు వేల అయిదు మార్చిలో ఒక మధ్యాహ్నం అయ్యగారు వంటగది గుమ్మం దగ్గరకి పిలిచి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పిన మాటకి మాత్రం అతని చేతిలో ట్రే జారినంత పనయింది.

"ఒరే ఏలీయా, అల్లుడుగారి చేతిలో నువ్వు ఓడిపోవాల్రా."

"ఎందులోనండీ?"

"ఆ టీవీ ఆటలోరా. ఈవేళ్టినుంచి మన బార్లో ఆయన్ని ఎవ్వరూ గెలవడానికి వీల్లేదు. వచ్చేవాళ్ళందరికీ చెప్పేను, సరేనన్నారు. నీ సంగతే నాకు బెంగ. నీ చెయ్యి ఊరుకోదు."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు ఏలీయా. అలవాటు అది. నోరు ముందు ఆయ్ అనేస్తుంది, బుర్ర ఆ తర్వాత నింపాదిగా వస్తుంది. బుర్ర వచ్చేసరికి అయ్యగారు వెళ్ళిపోయారు, ఏలీయా ట్రే పట్టుకుని అక్కడే తెల్లబోయి నిలబడి ఉన్నాడు. తాగమని బతిమాలిన వాళ్ళని చూశాడు, తాగొద్దని బతిమాలిన వాళ్ళని చూశాడు. ఓడిపొమ్మని ఉద్యోగంలో భాగంగా చెప్పడం మాత్రం ఎక్కడా వినలేదు.

ముందురోజు సాయంత్రం జరిగిన ఘోరం ఏమిటో చెప్పకపోతే ఇది అర్థం కాదు.

మాణిక్యాలరావుగారి ఒక్కగానొక్క కూతురు సాయిదుర్గకి ఫిబ్రవరిలో పెళ్ళయింది. అల్లుడు హేమంత్‌ది రాజోలు. మస్కట్‌లో ఒక కంపెనీలో స్టోర్ కీపరు. బుద్ధిమంతుడు, మందు వాసనే పడదు. అలాంటివాడు పెళ్ళైన పదో రోజుకి వచ్చి మామగారి బార్లో కూర్చుంటానన్నాడు. తాగడానికి కాదు. మస్కట్ నుంచి తనతో ఒక ఆట పెట్టె తెచ్చుకున్నాడు. టీవీకి తగిలిస్తే తెరమీద ఇద్దరు మనుషులు లేచి కొట్టుకుంటారు. చెరో రిమోటూ పట్టుకుని ఇద్దరు కూర్చుని వాళ్ళని ఆడించాలి.

"మస్కట్లో హోటల్ బార్లలో పెద్ద టీవీ పెడతారండి మావయ్యగారూ," అన్నాడు హేమంత్ భోజనాల దగ్గర. "పోటీ ఉందంటే వందమంది గ్లాసులు పట్టుకుని వచ్చేస్తారు. నేను జ్యూసే తాగుతాననుకోండి. ఇద్దరు ఆడతారు, వందమంది అరుస్తారు. ఇంట్లో ఒక్కడూ ఆడుకుంటే ఏముందండీ? నలుగురూ చూస్తేనే ఆట. మన అమలాపురంలో అలాంటిది లేదు."

కోనసీమలో కొత్త అల్లుడు ఫలానాది లేదు అన్నాక అది లేకుండా ఎలా ఉంటుంది? మర్నాటికి రాజమండ్రి నుంచి పెద్ద టీవీ దిగింది. బార్లో మధ్య గోడకి దాన్ని ఎక్కించి, ఎదురుగా రెండు కుర్చీలు వేశారు. రోజూ వచ్చేవాళ్ళు గ్లాసులతో సహా బల్లలు అటు తిప్పుకున్నారు. వాళ్ళలో మొదటివాడు కొబ్బరి వ్యాపారి లోవరాజుగారు. కోళ్ళ పిచ్చి ఉన్న మనిషి. ఆయన తెరమీద మనుషులకి అప్పటికప్పుడే నామకరణం చేసేశారు. ఎర్రబట్టలవాడు డేగ, నల్లబట్టలవాడు కాకి, తెల్లగెడ్డం తెల్లబట్టల ముసలాయన సేతువ. కోళ్ళకి ఈకల రంగుని బట్టి పెట్టే పేర్లవి. బార్లో ప్రతివాడికీ పలకాబలపం కంటే ముందు వచ్చిన భాష.

ఆ మొదటి సాయంత్రం అల్లుడుగారు డేగని తీసుకున్నారు, లోవరాజుగారు కాకిని తీసుకున్నారు. ఏ బుడిపె నొక్కితే ఏమవుతుందో తెలియని లోవరాజుగారు అన్నీ కలిపి ఎడాపెడా నొక్కేసి వరసగా మూడు రౌండ్లు గెలిచేశారు. బార్ దద్దరిల్లిపోయింది. హేమంత్ నవ్వుతూనే లేచాడు. ఇంటికెళ్ళాక అత్తగారు తొమ్మిది రకాలు వడ్డిస్తే నాలుగు ముద్దలు పెరుగన్నం తిని చెయ్యి కడిగేసుకున్నాడు. అల్లుడు కంచంలో అన్నం వదిలేశాడన్న వార్త విని మాణిక్యాలరావుగారికి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ పోయిన ప్రాణాలే మర్నాడు మధ్యాహ్నం వంటగది గుమ్మంలో ఏలీయాకి హుకుం అయి దిగాయి.

ఇక ఏలీయా చెయ్యి ఎందుకు ఊరుకోదంటే దానికి పదేళ్ళ కిందటి కథ ఉంది. తొంభై అయిదులో రాష్ట్రమంతా మద్యం నిషేధించినప్పుడు బార్లన్నీ మూతపడ్డాయి. కొందరు బట్టల కొట్లు పెట్టారు, కొందరు టిఫిన్ హోటళ్ళు పెట్టారు. మాణిక్యాలరావుగారు మద్రాసు వెళ్ళి నాలుగు పాత వీడియో గేమ్ యంత్రాలు కొనుక్కొచ్చారు. బీరువాలంత చెక్కపెట్టెలు. ముందు గాజు తెర, కింద ఒక కర్ర, ఆరు బుడిపెలు. రూపాయి బిళ్ళ వేస్తే బతికొస్తాయి. వాటికి కాపలా ఏలీయా. పిల్లలు వచ్చేది సాయంత్రం బడి వదిలాక. పొద్దున్నంతా నాలుగు పెట్టెలూ, ఒక్క మనిషీ. మనుషులు కొట్టుకునే పెట్టె ముందు ఏలీయా రెండేళ్ళు నిలబడ్డాడు. ఒక్క రూపాయి బిళ్ళతో పొద్దున్న మొదలుపెట్టి భోజనానికి లేచేదాకా ఆడేవాడు. కొత్తపేట నుంచి, రాజోలు నుంచి బస్సెక్కి వచ్చి మరీ అతనితో ఆడి ఓడిపోయి వెళ్ళినవాళ్ళున్నారు. పదేళ్ళ సాయిదుర్గ సెలవుల్లో వచ్చి, సోడా పెట్టె మీద ఎక్కి నిలబడి అతనితో ఆడేది. రోజూ ఓడిపోయేది, రోజూ ఏడిచేది. ఏలీయా ఒక్కసారి కూడా గెలవనివ్వలేదు.

"ఊరికే గెలిపిస్తే మీకు ఆట రాదండి అమ్మాయిగారూ," అనేవాడు.

తొంభై ఏడులో నిషేధం ఎత్తేశారు. పెట్టెలు పాత సామాన్లవాడికి పోయాయి, బల్లలు మళ్ళీ వచ్చాయి, ఏలీయా మళ్ళీ ట్రే పట్టుకున్నాడు. తన జన్మలో తాను మొనగాడుగా బతికిన రెండేళ్ళ గురించి అతను ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకునేంత విషయమని అతనికి తోచలేదు.

సరే, హుకుం ప్రకారం ఆ సాయంత్రం నుంచి ఓడిపోవడం మొదలైంది. ఓడిపోవడానికేముంది, చేతులు ముడుచుకు కూర్చుంటే సరిపోదా అనుకున్నాడు ఏలీయా. తక్కినవాళ్ళు అలాగే ఓడేవారు. లోవరాజుగారైతే ఒకరోజు రిమోటు తలకిందులుగా పట్టుకుని కూడా ఓడారు. ఏలీయాకి ఆ తీరు నచ్చలేదు. ఏ పనైనా శుభ్రంగా చెయ్యడం అతని గుణం. అలా ఓడితే చూసేవాళ్ళకి తెలిసిపోతుంది, అల్లుడుగారికీ తెలిసిపోతుంది. అందుకని తెల్లగెడ్డం సేతువని తీసుకునేవాడు. డేగని తన్ని తన్ని మూలకి తోసేవాడు. తెరమీద ఒక్కొక్కరి పైనా ఒక పచ్చగీత ఉంటుంది, దెబ్బ తగిలినకొద్దీ అది తరుగుతుంది, బార్లో దాన్ని ఆయుష్షు అనేవారు. డేగ ఆయుష్షుని గోరంత మిగిల్చి, సరిగ్గా అప్పుడు అర సెకండు ఆలస్యంగా చెయ్యెత్తేవాడు. ఆ సందులో డేగ ఎగిరి తన్నేది. సేతువ వెల్లకిలా పడిపోయేవాడు. ముప్ఫైమంది ఒక్కసారిగా లేచి "డేగా!" అని అరిచేవారు. పెగ్గుని గ్లాసు అంచుదాకా పోసి ఒక్క చుక్క ఒలకకుండా బల్లమీద పెట్టడం లాంటి పని అది. ఏలీయాకి అది బాగా వచ్చు.

"ఇవాళ కూడా వెంట్రుకవాసిలో తప్పించుకున్నాను ఏలీయా," అనేవాడు హేమంత్ చెమట తుడుచుకుంటూ. "ఆళ్ళందరూ ఒకెత్తు, నువ్వొకెత్తు. నిన్ను గెలిచేనంటే ఇక ఎవణ్ణైనా గెలుస్తాను."

సిగ్గు విడిచి చెప్పాలంటే ఏలీయాకి ఆ మాటకి గర్వంగా ఉండేది. రోజుకి నాలుగుసార్లు ఓడేవాడు, నాలుగుసార్లూ కొత్తగా ఓడేవాడు. రావులపాలెం నుంచి, ముమ్మిడివరం నుంచి జనం వచ్చేవారు. వచ్చినవాళ్ళకి గుమ్మంలోనే మాణిక్యాలరావుగారు చెవిలో మాట వేసేవారు. ఆడి, ఓడి, "మీముందు మేమెంతండీ" అని దణ్ణం పెట్టి వెళ్ళేవారు. ఇంట్లో అల్లుడు కడుపునిండా తింటున్నాడు. అత్తగారు పదో రకం కూడా మొదలెట్టింది. హేమంత్ మూడు నెలల సెలవు అయిపోయింది. కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసి ఇంకో నెల అడిగాడు. తర్వాత ఇంకో నెల. మాణిక్యాలరావుగారు అమ్మాయి ఇంకొన్నాళ్ళు కళ్ళముందుంటుందని సంతోషించారు తప్ప, దాని వెనక ఏముందో ఊహించలేదు.

జూలై ఆఖరి ఆదివారం హేమంత్ ఏలీయాని ఓడించి, రిమోటు బల్లమీద పెట్టి, జనం వైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది.

"అందరికీ ఒక మాట చెప్పాలండి. నేనింక మస్కట్ వెళ్ళనండి."

కంచంలో చెయ్యి పెట్టినవాళ్ళు పెట్టినట్టే ఉండిపోయారు.

"కొరియాలో ఈ ఆట ఆడేవాళ్ళకి జీతాలిస్తారండి. హైదరాబాదులో సెప్టెంబర్లో పోటీ ఉందిట. అందులో మొదలెడతాను. అయిదు నెల్లబట్టి చూస్తున్నారు కదా, ఈ చుట్టుపక్కల నన్ను కొట్టినవాడున్నాడా? మీరే చెప్పండి లోవరాజుగారూ, నా ఆట మీకు తెలుసు కదా."

లోవరాజుగారి గొంతులో పల్లీ అడ్డం పడింది.  కౌంటర్లో మాణిక్యాలరావుగారు కొయ్యబారిపోయారు. ముప్ఫైమంది మగాళ్ళు, అందరికీ నిజం తెలుసు. ఆఖరికి ఎవరో వెనకనుంచి చప్పట్లు కొట్టారు. ఏం చెయ్యాలో తెలియక తక్కినవాళ్ళూ కొట్టారు.  తక్కినవాళ్ళ చేతకాని ఓటములు చూసి ఏ మనిషీ ఇంత మాట అనుకోడు. ఇది తన పనితనం. వెంట్రుకవాసి తానే కొలిచి పెట్టాడు.

వంటగది వెనక మాణిక్యాలరావుగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నారు.

"ఇప్పుడెలాగరా ఏలీయా?"

"నిజం చెప్పెయ్యండి అయ్యగారూ."

"ఏమని చెప్పమంటావురా? అయిదు నెల్లబట్టి ఊరంతా కలిసి మిమ్మల్ని పిచ్చోణ్ణి చేసేమండీ అల్లుడుగారూ అనా? ఇంకాయన మా గడప తొక్కుతారా? రాజోల్లో ఆళ్ళ నాన్నగారు నా మొహం చూస్తారా?"

ఏలీయా మెల్లిగా అన్నాడు. "పోనీ నేను గెలిస్తేనోనండీ?"

మాణిక్యాలరావుగారు తువ్వాలు దించి అతన్ని కొత్తగా చూశారు. "నా బార్లో, నా సప్లయరు, నా అల్లుడ్ని, నలుగురి ముందు ఓడిస్తాడా? నేనింకా బతికే ఉన్నాన్రా. అలాంటి పిచ్చి వేషం వేసేవంటే ఆ పూటే నీ సామాను రోడ్డుమీదుంటుంది."

"ఆయ్," అన్నాడు ఏలీయా.

సామాను అంటే బార్ వెనక చిన్న గది. ఏలీయా, అతని భార్య పద్నాలుగేళ్ళుగా కాపురం ఉంటున్నది అందులోనే. మాటవరసకి అన్నారో, నిజంగానే అన్నారో అతనికి తెలుసు. నిజంగానే అన్నారు.

ఆగస్టు పదకొండున పగలు, బార్ ఇంకా తెరవకముందు, వెనక తలుపు దగ్గర ఆటో ఆగింది. సాయిదుర్గ దిగింది. నిషేధం ఎత్తేశాక ఆ ఇంటి ఆడవాళ్ళెవరూ ఆ గుమ్మం దగ్గరికి రాలేదు. గ్లాసులు తుడుస్తున్న ఏలీయా గాభరాగా లేచి నిలబడ్డాడు.

"కూచో. రెండు ముక్కలు అడిగి పోతాను," అంది సాయిదుర్గ. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఆయన రోజూ నిన్ను ఓడిస్తున్నారుట. నిజవేనా?"

"ఆయ్, నిజవేనండి."

"నా కళ్ళలోకి చూసి చెప్పు. ఏడిచి ఏడిచి సోడా పెట్టె మీంచి దిగేదాన్ని, ఒక్కనాడు గెలవనిచ్చేవా నన్ను? ఆ ఏలీయాని మా ఆయన ఓడించేరంటే నన్ను నమ్మమంటావా?"

ఏలీయా నేల చూశాడు. అమ్మాయిగారు ఇన్నాళ్ళూ ఇది మనసులో పెట్టుకుని కూర్చుందా అనుకున్నాడు.

"నాన్నగారు చెప్పేరు కదూ?"

అతను ఆయ్ అనలేదు. కాదనలేదు కూడా.

"పద్దెనిమిదో తారీకుతో ఆయనొచ్చి ఆర్నెల్లు నిండుతాయి. ఆ లోపల మస్కట్‌లో దిగకపోతే వీసా పోతుంది. తర్వాత ఆ కంపెనీ పిలవమన్నా పిలవదు. నేను చెప్పేను, వద్దండీ అని. ఆట గురించి నీకేం తెలుసంటారు. నాకు తెలుసని చెప్తే నమ్మరు. అమ్మ కంచం చుట్టూ తిరుగుతుంది, నాన్నగారు మర్యాద అంటారు. మర్యాద చేసి చేసి ఆయన్ని ముంచేస్తున్నారు ఏలీయా." ఆటో వైపు తిరిగి మళ్ళీ ఆగింది. "నాకు నువ్వు చెప్పేవే, ఊరికే గెలిపిస్తే ఆట రాదని. ఆయనకి ఎందుకు చెప్పలేదు?"

జవాబు కోసం ఆగకుండా ఆటో ఎక్కింది. ఏలీయా తుడిచిన గ్లాసులే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు. పదిహేడేళ్ళలో అతన్ని ఎవరూ సంజాయిషీ అడగలేదు. పనులు చెప్పారు, తిట్టారు, పండక్కి పంచె పెట్టారు. నువ్విలా ఎందుకు చేశావు అని మనిషిని అడిగినట్టు అడిగింది ఈ పిల్లే. 

పద్నాలుగో తారీకు ఆదివారం. బార్ నిండిపోయింది. హేమంత్ అప్పటికే నలుగుర్ని ఓడించి నవ్వుతూ కూర్చున్నాడు. ఏలీయా చేతిలో ట్రే లోవరాజుగారి బల్లమీద పెట్టి, చేతులు తువ్వాలుకి తుడుచుకుని, ఎదుటి కుర్చీలో తనంతట తానే కూర్చున్నాడు.

"పది రౌండ్లు ఆడదామాండీ బాబూ?"

కౌంటర్లో మాణిక్యాలరావుగారు తలెత్తారు. ఏలీయా తనంతట తాను ఆటకి పిలవడం అదే మొదటిసారి.

"ఆడదాం, పదీ ఆడదాం," అన్నాడు హేమంత్ హుషారుగా.

మొదటి రౌండు ఎంతసేపు పట్టిందో చూసినవాళ్ళు ఎవరూ సరిగ్గా చెప్పలేరు. లోవరాజుగారు "డేగ లేచిందండోయ్" అని అరవడానికి నోరు తెరిచారు, అది మూసేలోపల డేగ నేలమీద ఉంది. జనం నవ్వారు. ఏదో పొరపాటు జరిగిందనుకున్నారు. రెండో రౌండులో నవ్వు ఆగిపోయింది. సేతువ కదిలాడా లేదా అన్నట్టు కదిలాడు, డేగ మూడుసార్లు గాల్లోకి లేచి మూడుసార్లు పడింది. మూడో రౌండుకి గ్లాసులు బల్లలమీదకి దిగాయి. ఆ బార్లో రోజూ తాగేవాళ్ళు అంతమంది ఒకేసారి తాగడం మానేయడం ఏలీయా ఎప్పుడూ చూడలేదు.

"ఒరే ఏలీయా!" అన్నారు మాణిక్యాలరావుగారు. 

ఏలీయా వినలేదు. నిజానికి విన్నాడు. ఆయ్ అని నోటిదాకా వచ్చింది, పళ్ళు బిగించాడు. నాలుగు. అయిదు. హేమంత్ బుడిపెలన్నీ ఎడాపెడా నొక్కుతున్నాడు. మొహంలో రక్తం లేదు. ఆరు. ఆయుష్షు గీత సేతువది నిండుగా, అంగుళం కూడా తరగకుండా అలాగే ఉంది. అయిదు నెలల వెంట్రుకవాసులన్నీ ఒక్క పది నిమిషాల్లో అబద్ధాలైపోవడం హేమంత్ కళ్ళముందే జరుగుతోంది. ఏలీయా ఆ మనిషి వైపు చూడలేదు, చెయ్యి ఆపలేదు.

ఏడో రౌండులో ఏదో మారింది. హేమంత్ ఎగరడం మానేశాడు. అయిదు నెలలుగా ఎగిరెగిరి తన్నే డేగ మోకాళ్ళమీద వంగి మూలన కూర్చుంది. కొడితే కాచుకుంది. మళ్ళీ కొడితే మళ్ళీ కాచుకుంది. జనం కోసం ఆడడం లేదు, జనం ఉన్నారన్న సంగతే మర్చిపోయినట్టున్నాడు. సేతువ తన్నడానికి కాలెత్తిన క్షణంలో డేగ కిందనుంచి కాలు ఊడ్చింది. ఏలీయా సేతువని లేపబోయాడు, వీలు కాలేదు. ఇంకో దెబ్బ. ఇంకోటి. సేతువ వెల్లకిలా పడ్డాడు, లేవలేదు.

ఏలీయా నిర్ఘాంతపోయాడు. సేతువ పడిపోవడం వందలసార్లు చూశాడు, ప్రతిసారీ తానే పడేశాడు. ఇప్పుడు మాత్రం పడెయ్యలేదు. తొంభై అయిదు నుంచి ఇప్పటిదాకా ఎవరూ చెయ్యని పని ఈ కుర్రాడు చేశాడు.

"అదీ! చాలు, చాలు, ఇంక లేవండి," అని కౌంటర్లోంచి ఊపిరి పీల్చుకున్నారు మాణిక్యాలరావుగారు. వెనకనుంచి ఒకరిద్దరు నవ్వారు. ఏలీయాకి బుద్ధొచ్చిందనుకున్నారు అందరూ.

హేమంత్ తల తిప్పి ఏలీయా వైపు చూశాడు. కళ్ళనిండా నీళ్ళు. "మళ్ళీ మొదలెట్టేవా?" అన్నాడు.

"లేదండి, ఇది నేను..."

"నోరుముయ్యి. ఆడు."

మిగతా మూడూ ఏలీయా గెలిచాడు. ఏమీ మిగల్చకుండా గెలిచాడు.

హేమంత్ రిమోటు నెమ్మదిగా బల్లమీద పెట్టి లేచాడు. లోవరాజుగారి బల్ల దగ్గర ఆగాడు.

"మీరు కూడానాండీ?"

లోవరాజుగారు పల్లీల పళ్ళెం వైపు చూశారు. "ఏదో... కొత్త అల్లుడుగారు కదా అని బాబూ. మనూరి మర్యాద..."

"అందరూనా?"

ఎవరూ తలెత్తలేదు. హేమంత్ కౌంటర్ వైపు చూశాడు. మామగారు సోడా సీసా మూతలు లెక్కపెడుతున్నట్టు వంగిపోయారు.  హేమంత్ గుమ్మంలో విడిచిన చెప్పులు కూడా తొడుక్కోకుండా మెయిన్ రోడ్డెక్కి నడిచి వెళ్ళిపోయాడు. మాణిక్యాలరావుగారి అల్లుడు ఉత్తకాళ్ళతో రోడ్డుమీద నడిచి వెళ్ళడం చూసి ఎదుటి కొట్టు వాళ్ళు కూడా లేచి నిలబడిపోయారు.

మర్నాడు స్వాతంత్ర్య దినం, బార్ సెలవు. మధ్యాహ్నం మాణిక్యాలరావుగారు వెనక గది ముందుకొచ్చి నిలబడ్డారు. పద్నాలుగేళ్ళలో ఆయన ఆ గది ముందుకి రావడం అదే మొదలు. ఏలీయా భార్య గాభరాగా కుర్చీ తుడిచింది. ఆయన కూర్చోలేదు.

"రేపు రాత్రి విమానానికి వెళ్తున్నారు. టిక్కెట్టు దొరికింది," అన్నారు. "నాతో మాట్లాడలేదు. అమ్మాయితో మాట్లాడేరు. అది చాలు." భుజం మీది తువ్వాలు తీసి, "నా కూతురి కాపురం నిలబెట్టేవురా. నీ రుణం తీర్చుకోలేను," అంటూ కళ్ళొత్తుకున్నారు.

ఏలీయా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అంబాజీపేటలో మా బావమరిదికి కొబ్బరి యార్డుంది. చెప్పేను. రేపట్నించి నువ్వక్కడికెళ్ళు. ఈ గది ఖాళీ చెయ్యాలి."

అదే గొంతు, అదే తడి కళ్ళు. ఏలీయా తాను సరిగ్గా విన్నాడో లేదో తెలియక అలా చూస్తూండిపోయాడు.

"అలా చూడకురా. ఆయన మళ్ళీ సెలవుకొస్తారు. బార్లోకొస్తే నిన్ను చూడాలి కదా. ఆయనకెంత చిన్నతనం! అల్లుడుగారి మర్యాద చూసుకోవాలి కదరా నేను."

దండం పెట్టినంత పనిచేసి, ఆ చేత్తోనే గది ఖాళీ చేయించిన మనిషిని ఏమనాలో ఏలీయాకి ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మాత్రం ఆయ్ అన్నాడు.

అంబాజీపేట యార్డులో పని కొబ్బరికాయ పైనుండే పీచు డొక్క వలవడం. నేలలో పాతిన ఇనప మేకు మీద కాయని గుచ్చి, మెలితిప్పి డొక్క ఊడదియ్యాలి. నలభై ఆరేళ్ళ వయసులో కొత్తగా నేర్చుకున్నాడు. మొదటి నెలలో అరచేతులు పగిలిపోయాయి. యార్డు పక్కనే తాటాకు పాక అద్దెకి తీసుకున్నారు. భార్య మొదట్లో ఏమీ అనలేదు, తర్వాత రోజూ అనేది. ఏలీయా పడ్డాడు.

డిసెంబర్లో ఒక పగలు గుమాస్తా సెల్‌ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మొహం వింతగా ఉంది.

"ఎవరో మస్కట్ నుంచి. ఏలీయాగారున్నారాండీ అంటన్నారు. ఇక్కడ గారెవరూ లేరండీ, వలుపుకొచ్చే ఏలీయా ఉన్నాడు అన్నాను. ఆయనేనండీ అన్నారు!"

ఏలీయా చేతులు లుంగీకి తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు.  పుట్టి బుద్ధెరిగాక అతని పేరు వెనక ఆ మాట ఎవరూ పెట్టలేదు.

"నేనండి, హేమంత్‌నండి. బాగున్నారా అండీ?"

"ఆయ్, బాగున్నానండి బాబూ. తమరు?"

"ఉన్నానండి. మీ ఉద్యోగం పోయిందని సాయిదుర్గ మొన్ననే చెప్పింది. నాకు తెలీదండి. క్షమించండి." కాసేపు ఫోన్లో ఏదో మోటారు చప్పుడు వినిపించింది. "శుక్రవారాలు ఇప్పుడు కూడా హోటల్ బార్‌కి వెళ్తానండి. ఆడను. వెనక కూర్చుని చూస్తాను. ఒకటి అడగాలనుంది, నిజం చెప్తారా?"

"చెప్తానండి."

"అన్ని నెలలు ఆడేం కదండీ. ఒక్కటి, ఒక్క రౌండన్నా నేను నిజంగా గెలిచేనాండీ?"

ఏలీయాకి వెతుక్కోనక్కర్లేదు. నాలుగు నెలలుగా కాయ వలుస్తున్నా, అన్నం తింటున్నా అదే కళ్ళముందుంది. మూలన వంగి కూర్చున్న డేగ, కిందనుంచి ఊడ్చిన కాలు.

"గెలిచేరండి," అన్నాడు గబగబా. "ఆ ఆదివారం, ఏడో రౌండు. అది నేనిచ్చింది కాదండి. ఎగరడం మానేసి కూచున్నారు చూడండి, అక్కడ నాకు దారి తెలీలేదండి. పదేళ్ళలో నన్ను కొట్టినవారు మీరొక్కరేనండి. ప్రమాణంగా చెప్తన్నాను, నేనే ఓడిపోయేనండి."

 అవతల చిన్నగా నవ్వు వినిపించింది. కోపంగా లేదు. ప్రేమగానే ఉంది, అదే ఏలీయాకి గుండెల్లో గుచ్చుకుంది.

"మీరు మారరండి ఏలీయాగారూ. మా మావయ్యగారి ఊరి మర్యాద, ఎక్కడికి పోతుందిలెండి."

"మర్యాద కాదండి బాబూ, ఒట్టు, నిజవండి..."

"ఉంటానండి. ఆరోగ్యం జాగ్రత్తండి."

ఫోన్ ఆగిపోయింది. అయిదు నెలలు రోజుకి నాలుగు అబద్ధాలు ఆడితే అన్నీ నమ్మాడు. చెప్పిన ఒక్క నిజాన్ని నవ్వి ఊరుకున్నాడు. ఏలీయా ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు.

"నిజవేనండి," అన్నాడు మళ్ళీ.

"ఎవరితో మాట్లాడతన్నావ్? ఎప్పుడో పెట్టేశారుగా," అన్నాడు గుమాస్తా, ఫోన్ కోసం చెయ్యి చాపి.